తలరాత ఖాతాలో రాసేసిన చావులు

నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. బీకాం చదివి, ముప్పై అయిదేళ్ళు రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో బిల్లులు, వోచర్లు, లెడ్జర్లు తిరగేసి రిటైరైన మనిషిని. అందుకని ఈ వ్యాసంలో చట్టం కంటే లెక్కల వాసన ఎక్కువ కనిపిస్తే పెద్దమనసుతో సర్దుకోండి.

మా ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. డిపోలో సామాను పోయినా, చెడినా దాన్ని ఊరికే కొట్టెయ్యడానికి వీల్లేదు. విచారణ జరిపి, ఆ నష్టం రెండు తరగతుల్లో దేనికి చెందుతుందో రాయాలి. దొంగతనం, మోసం, నిర్లక్ష్యం వల్ల జరిగినది ఒక తరగతి. వాటివల్ల కాకుండా జరిగినది రెండో తరగతి. మొదటి తరగతి నష్టాన్ని రద్దు చేసే అధికారం కింది ఆఫీసర్లకు చాలా తక్కువ. కనుక ప్రతి యూనిటూ తన నష్టాన్ని రెండో తరగతిలోకి నెట్టాలనే చూస్తుంది. ఆడిట్ వాళ్ళ పని దాన్ని పట్టుకోవడమే. నలభై దుప్పట్లు తడిసి పాడైతే ఇంత తతంగం ఉంది కదా, మరి మనిషి పోతే ఆ తరగతి నిర్ణయించేది ఎవరు?

2009లో మా బావగారు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చేయించుకున్నారు. మూడో రోజు జ్వరం వచ్చింది, ఆరో రోజు పోయారు. అప్పుడు నేను పుణెలో పనిచేస్తున్నాను, రైలు దిగేసరికి అంతా అయిపోయింది. డాక్టరుగారు మెట్ల దగ్గర నిలబడి మా ప్రయత్నం మేం చేశాం, ఆపైన భగవంతుడి ఇష్టం అన్నారు. మా అక్క కూడా ఆయనకి అంతే రాసిపెట్టి ఉందిరా అంది. ఆ ఒక్క మాటతో నష్టం రెండో తరగతిలో నమోదైపోయింది. విచారణ లేదు, సంతకం లేదు.

కర్మవాదాన్ని మనం పునర్జన్మ ఉందా లేదా అన్న కోణంలోనే ఎక్కువగా విమర్శిస్తాం. కానీ అది ఆస్పత్రి వరండాలో ఫీజు తీసుకోని ప్లీడరుగా పనిచేస్తుందని నాకు ఆ రోజు తెలిసింది.

వైద్యుడి తప్పుకు లెక్క అడగడం కొత్త సంగతేమీ కాదు. సుమారు 3,750 ఏళ్ళ క్రితం బాబిలోనియా రాజు హమ్మురాబి చెక్కించిన శాసనంలో వైద్యుల మీద కొన్ని సూత్రాలున్నాయి. 1901లో సూసాలో బయటపడిన ఆ నల్లరాయి ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కంచు కత్తితో పెద్ద గాటు పెట్టి కులీనుడి ప్రాణం కాపాడితే పది షెకెల్‌ల వెండి ఫీజు. అదే గాటుతో అతను చనిపోతే, లేదా కన్ను పోతే, వైద్యుడి చేతులు నరికెయ్యాలి. చనిపోయినవాడు బానిస అయితే మాత్రం యజమానికి ఇంకో బానిసను ఇస్తే చాలు.

మన దగ్గర కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో వైద్యుల ప్రస్తావన వస్తుంది. ఎవరితో కలిపి అనుకుంటున్నారు? నేతగాళ్ళు, చాకళ్ళు, కంసాలులతో కలిపి, అంటే పనివాళ్ళ మోసాల నుంచి ప్రజల్ని కాపాడే అధ్యాయంలో. ప్రాణాపాయమున్న రోగమని ముందుగా తెలియజేయకుండా వైద్యం మొదలుపెట్టి, రోగి చనిపోతే ప్రథమ సాహస దండం. చేసిన పనిలోని తప్పు వల్లనే చనిపోతే మధ్యమ దండం. మర్మస్థానం దెబ్బతింటే దాన్ని కొట్టి గాయపరిచిన నేరం కింద చూడాలన్నాడు. అంటే రోగం వల్ల వచ్చిన చావు వేరు, చికిత్స వల్ల వచ్చిన చావు వేరు అన్న విభజన అప్పటికే ఉంది. మా ఆడిట్ భాషలో చెప్పాలంటే తరగతులు రెండూ ఉన్నాయి.

అంతమాత్రాన అన్నీ మన పూర్వులకు ముందే తెలుసునని జబ్బలు చరుచుకునేవాళ్ళతో నేను చేరను. మనుస్మృతి తప్పు వైద్యానికి జరిమానా వేసింది నిజమే, పశువు విషయంలో ప్రథమ దండం, మనిషి విషయంలో మధ్యమ దండం. యాజ్ఞవల్క్యుడు ఇంకో మెట్టు చేర్చి, రోగి రాజపురుషుడైతే ఉత్తమ దండం అన్నాడు. పశువు, మనిషి, రాజుగారి మనిషి అని ధరల పట్టీ అన్నమాట. పైగా ఇదంతా రాజుగారి బొక్కసానికి చేరే దండుగ. పోయినవాడి భార్యాబిడ్డల సంగతి ఆ సూత్రాల్లో లేదు.

ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన శిక్షాస్మృతి 1860 నాటిది. అందులో 304ఏ సెక్షను మొదట లేదు, 1870లో చేర్చారు. దుడుకుతనం వల్ల గానీ నిర్లక్ష్యం వల్ల గానీ ప్రాణం తీస్తే రెండేళ్ళ దాకా జైలు. బండి తోలేవాడికీ, కత్తి పట్టిన డాక్టరుకూ అదే సెక్షను. పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు పోవాలి. కోర్టు ఫీజు కట్టి, లాయర్ని పెట్టుకుని, డాక్టరు మీద ఇంకో డాక్టరు చేత సాక్ష్యం చెప్పించి, ఏళ్ళ తరబడి తిరగగలిగినవాడు ఎవడు?

ఒకాయన తిరిగాడు. 1953 మే నెలలో, రత్నగిరి జిల్లా పాల్షెట్ సముద్రతీరంలో ఇరవై ఏళ్ళ కుర్రాడికి ప్రమాదంలో తొడ ఎముక విరిగింది. చెక్కలు కట్టి, టాక్సీలో పదకొండు గంటలు ప్రయాణం చేయించి పుణె తీసుకెళ్ళారు. అక్కడ సర్జను మత్తు సరిగా ఇవ్వకుండా, మార్ఫియా ఇంజెక్షన్లతోనే సరిపెట్టి, మనుషుల చేత కాలు లాగించి ఎముక సరిచేయబోయాడు. ఆ రాత్రే కుర్రాడు పోయాడు. తండ్రి స్వయంగా డాక్టరు. కింది కోర్టు, హైకోర్టు, చివరికి 1968లో సుప్రీంకోర్టు, మూడూ ఆ తండ్రి మాటే నిజమన్నాయి. పదిహేనేళ్ళ తరువాత నిలబడిన పరిహారం 3,000 రూపాయలు. నేను ఉద్యోగరీత్యా ఆ ఊళ్ళో కొన్నేళ్ళున్నాను గాని ఈ కేసు సంగతి రిటైరయ్యాకే చదివాను. అయితే ఆ తీర్పు చెప్పిన సూత్రం ఇప్పటికీ పునాదిరాయి. కేసు ఒప్పుకోవాలా వద్దా అనే దగ్గర, ఏ చికిత్స చెయ్యాలనే దగ్గర, చేసే తీరులో, ఈ మూడు చోట్లా డాక్టరుకు జాగ్రత్త వహించే బాధ్యత ఉంది.

జాగ్రత్తకు కొలత ఏమిటన్నది తరువాతి ప్రశ్న. ఇది ఇంగ్లండు నుంచి వచ్చింది. 1957లో బోలం కేసులో, మానసిక రోగికి కరెంటు షాకులిచ్చే ముందు కండరాలు సడలించే మందు ఇవ్వలేదు, తుంటి ఎముకలు విరిగాయి. బాధ్యతగల వైద్యుల్లో ఒక వర్గం సరేనని ఒప్పుకునే పద్ధతి పాటిస్తే అది నిర్లక్ష్యం కాదని జడ్జి జ్యూరీకి చెప్పాడు, రోగి ఓడిపోయాడు. నా మటుకు నాకు ఇది స్టోరుకీపరు చేసిన తప్పును ఇంకో స్టోరుకీపరు చేత సర్టిఫై చేయించుకోవడంలా కనిపిస్తుంది. అక్కడే 1997లో బోలిథో కేసులో ఒక సవరణ వచ్చింది. నిపుణులు చెప్పారన్నంత మాత్రాన చాలదు, వాళ్ళు చెప్పింది తర్కానికి నిలబడాలి అని. పెద్దలు చెప్పారు కనుక ప్రమాణం అనే వాదాన్ని మనం దశాబ్దాలుగా కాదంటున్నాం కదా, అదే మాట ఒక ఉన్నత న్యాయస్థానం వైద్య నిపుణుల విషయంలో అన్నది.

ప్రభుత్వాస్పత్రి విషయంలో ఏమవుతుందో 1963 నాటి ఔరంగాబాదు కేసు చూపిస్తుంది. ప్రసవమైన మూడు రోజులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. జ్వరం, కడుపునొప్పి. మళ్ళీ కోసి చూస్తే లోపల గుడ్డ, చుట్టూ చీము. ఆమె బతకలేదు. కింది కోర్టు 36,000 ఇమ్మంది, హైకోర్టు కాదంది. సుప్రీంకోర్టు ఆ డబ్బు మళ్ళీ ఇప్పించింది ఎప్పుడయ్యా అంటే 1996లో. ముప్పై మూడేళ్ళు! ఆమె కన్న బిడ్డకు అప్పటికి ముప్పై మూడో ఏడు నడుస్తూ ఉంటుంది. కడుపులో గుడ్డ మరిచిపోవడమనేది తనంతట తానే మాట్లాడే సాక్ష్యమనీ, ఉద్యోగి తప్పుకు ప్రభుత్వమే బాధ్యురాలనీ అందులో తేలింది.

ఈ దారిని సులభం చేసింది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఆ చట్టం రాసినప్పుడు ఆస్పత్రుల పేరు ప్రత్యేకంగా ఎత్తలేదు. రోగులు ఫోరాలకు వెళ్ళడం మొదలుపెట్టేసరికి వైద్య సంఘాలు గగ్గోలు పెట్టాయి. మేమేమైనా కిరాణా కొట్టువాళ్ళమా అని. వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళితే 1995 నవంబరు 13న శాంత కేసుగా పేరుపడిన తీర్పు వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవే, చట్టం కిందికి వస్తుంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసేచోట రాదు. కొందరి దగ్గర తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రి అయితే, ఆ ఉచిత రోగి కూడా వినియోగదారుడే. బీమా కంపెనీయో, యజమానో ఖర్చు భరించినా అంతే. నాలాంటి పెన్షనర్లు ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పూర్తిగా ఉచితమైన ప్రభుత్వాస్పత్రి రోగికి మాత్రం ఇప్పటికీ ఔరంగాబాదు దారే, అంటే సివిల్ దావా. పేదవాడికే పొడుగు దారి మిగిల్చిన ఈ తీర్పును పూర్తిగా మెచ్చుకోలేను.

హైదరాబాదు కేసు ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 2002 జూలైలో ఒకావిడ చలి జ్వరంతో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. ఆవిడ భర్త ఎవరనుకున్నారు? మలేరియా శాఖలో ఆఫీసరు. ఆస్పత్రిలో టైఫాయిడ్ అని వైద్యం చేశారు. టైఫాయిడ్ పరీక్షలో ఏమీ తేలకపోయినా అదే మందు. నాలుగు రోజులకు పరిస్థితి విషమించాక ఇంకో ఆస్పత్రికి మారిస్తే, అక్కడ రక్తంలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. అప్పటికే ఆలస్యమైంది. జిల్లా ఫోరం రెండు లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదు కనుక చెల్లదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రెండు లక్షలు పునరుద్ధరిస్తూ, ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కరలేదు, తప్పు తనంతట తానే కనిపిస్తుంటే రోగి వాళ్ళ మీద ఆ బరువు మోపకూడదంది. అంతకు ముందు ఏడాదే అదే కోర్టులో ఇంకో బెంచి, నిపుణుడి అభిప్రాయం వచ్చాకే డాక్టరుకు నోటీసు పంపాలని అంది. ఆ మాట చట్టానికీ, పాత పెద్ద తీర్పులకూ పొసగదని ఈ బెంచి తేల్చింది. ఒక ఉద్యోగి ఎనిమిదేళ్ళు పట్టు విడవకపోవడం వల్ల దేశం మొత్తానికి దక్కిన సూత్రమిది.

కలకత్తా కేసు మీలో చాలామందికి తెలుసు. 1998లో అమెరికా నుంచి సెలవుకు వచ్చిన అనూరాధా సాహాకు చర్మవ్యాధి వస్తే, దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడు ఇంజెక్షను రోజుకు రెండుసార్లు రాశారు. మే 28న ఆమె ముంబయిలో చనిపోయింది, ముప్పై ఆరేళ్ళు. భర్త కునాల్ సాహా స్వయంగా డాక్టరు. 2006లో జాతీయ కమిషన్ కేసు కొట్టేసింది. 2009లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యమేనంది. 2013లో సుమారు ఆరు కోట్లు, వడ్డీ అదనం, పరిహారంగా నిర్ణయించింది. అంకె చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. నేను చూసింది వేరే. పుణె తండ్రి డాక్టరు, కలకత్తా భర్త డాక్టరు, హైదరాబాదు భర్త మలేరియా శాఖవాడు. ఆ కాగితాలు చదవగలిగినవాళ్ళే చివరిదాకా నిలబడ్డారు. చదవలేనివాడి సంగతేమిటి?

చదవలేనివాడు ఏం చేస్తున్నాడో పేపర్లో చూస్తూనే ఉన్నాం. శవాన్ని ఆస్పత్రి గేటు ముందు పెట్టి ధర్నా, అద్దాలు పగలగొట్టడం, డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరును కొట్టడం, సాయంత్రానికి ఎవరో చోటా నాయకుడు మధ్యవర్తిగా దిగి సెటిల్మెంటు. దీన్ని నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. దెబ్బలు తినేది తప్పు చేసినవాడు కాదు, దొరికినవాడు. డబ్బు చేతులు మారాక నిజం ఏమిటన్నది ఏ రికార్డులోనూ మిగలదు. తరువాతి రోగికి దానివల్ల ఒరిగేది శూన్యం.

డాక్టర్లను జైలుకు పంపాలనే ఆవేశం కూడా నాకు లేదు. లూధియానాలో 1995లో ఒక కాన్సరు రోగికి ఊపిరాడకపోతే తెచ్చిపెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉందన్న ఆరోపణతో డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. అదే జేకబ్ మాథ్యూ కేసు. 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ, సివిల్ నిర్లక్ష్యం వేరు, నేరమయ్యేంత ఘోర నిర్లక్ష్యం వేరు అంది. పోలీసులు ముందు స్వతంత్ర వైద్యాభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరు నుంచి, తీసుకోవాలి, మామూలుగా అరెస్టు చెయ్యకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను మామూలు మనుషుల నిర్లక్ష్యానికి శిక్షను అయిదేళ్ళకు పెంచి, చికిత్సలో ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లకు మాత్రం రెండేళ్ళే ఉంచింది. భయంతో చెయ్యి వణికే సర్జను ఎవరికి లాభం? ఇందులో నాకు అభ్యంతరం కనబడలేదు.

ఇక్కడ మన సంఘంలోని కొందరు మిత్రుల మాట ప్రస్తావించాలి. ఆధునిక వైద్యం తప్పుల్ని మనమే బయటపెడితే బాబాలకు, విబూది వైద్యులకు బలం చేకూరుతుందని వాళ్ళ భయం. నేను ఒప్పుకోను. 1996లో సుప్రీంకోర్టుకు వచ్చిన బొంబాయి కేసు చూడండి. హోమియో చదివిన ఆయన అల్లోపతి మందులు వాడి, జ్వరమని ఒకసారి, టైఫాయిడని ఒకసారి వైద్యం చేస్తే రోగి చనిపోయాడు. తనకు తెలియని విధానంలో వైద్యం చేసేవాడు నకిలీ వైద్యుడే అని కోర్టు నిష్కర్షగా చెప్పి, మూడు లక్షలు ఇప్పించింది. ఆ కుటుంబం గెలవగలిగిందంటే, ఆయన రాసిన మందులకు పేర్లున్నాయి, ఆ పేర్ల వెనుక ఒక శాస్త్రం ఉంది, ఆ శాస్త్రంతో సరిపోల్చి తప్పు అని చెప్పగలిగారు. తాయెత్తు కట్టినవాడి మీద ఏ కొలతతో దావా వేస్తారు? 1954 నాటి చట్టం మంత్రాల మందుల ప్రకటనల్ని నిషేధించింది గాని, ప్రకటన ఇవ్వకుండా చెవిలో చెప్పేవాడికి బిల్లు లేదు, కేస్ షీటు లేదు. తప్పు పట్టుకోవడానికి వీలుండడమే వైద్యశాస్త్రానికి ఉన్న గౌరవం. ఆ వీలును వాడుకోకుండా ఊరుకుంటే డాక్టరుని కూడా తెల్లకోటు వేసుకున్న బాబాని చేసిపెడతాం.

మా బావగారి విషయానికి వస్తాను. దినాలయ్యాక నేను ఆస్పత్రికి వెళ్ళి కాగితాలడిగాను. ఒక పేజీ మరణ సారాంశం, మొత్తం బిల్లు ఇచ్చారు. కేస్ షీటు ఆస్పత్రి ఆస్తి అన్నారు. నమ్మాను! ముప్పై ఏళ్ళు ఇతరుల ఫైళ్ళు లాక్కుని చూసినవాణ్ణి, అక్కడ మాత్రం తల ఊపి వచ్చేశాను. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డుల్ని మూడేళ్ళు భద్రపరచాలి, రోగి గానీ అతని తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023లో కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెలలో నిలిపివేశారు కనుక ఇప్పటికీ ఆ 2002 నిబంధనలే. ఇవ్వకపోతే అదే వృత్తిపరమైన తప్పు, రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చెయ్యొచ్చు. మండలి డాక్టరు రిజిస్ట్రేషను మీద చర్య తీసుకోగలదు గాని, పరిహారం ఇప్పించలేదు. అది వినియోగదారుల కమిషన్ పని. అక్కడ గడువు రెండేళ్ళు. 2019 చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్ళోని జిల్లా కమిషన్లోనే వెయ్యొచ్చు, ఆస్పత్రికి కట్టింది అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కొత్త చట్టంలో డాక్టర్లు లేరని వాదించినవాళ్ళకు 2022లో సుప్రీంకోర్టు కాదని చెప్పింది. 2024లో లాయర్లను ఆ చట్టం నుంచి తప్పించిన తీర్పు 1995 నాటి శాంత తీర్పును కూడా మళ్ళీ చూడాలంది గాని, అదే ఏడాది పెద్ద బెంచి ఆ అవసరం లేదంది. ఇదంతా నాకు తెలిసేసరికి మా గడువు ఎప్పుడో దాటిపోయింది.

నా దగ్గర మిగిలింది మందుల షాపు బిల్లులు. ముప్పై ఒకటి. అలవాటు కొద్దీ తేదీ, వేళ ప్రకారం వరసగా పేర్చాను. జ్వరం వచ్చింది మూడో రోజు ఉదయం. పెద్ద ఆంటీబయోటిక్ కొన్న మొదటి బిల్లు అయిదో రోజు రాత్రి తొమ్మిదిన్నరది. నడుమ రెండున్నర రోజులు పారాసిటమాల్, సెలైను. ఇది నిర్లక్ష్యమేనని నేను రాయను. ఆస్పత్రి సొంత నిల్వలోంచి ముందే ఇచ్చి ఉండొచ్చు, అది కేస్ షీటులో ఉండి ఉండొచ్చు. వోచరు లేకుండా అబ్జెక్షను రాయకూడదని నాకు నేర్పారు. ఏ తరగతిలో వెయ్యాలో తెలియని నష్టంగా అది నా బీరువాలో ఉంది. ఆ డాక్టరుకు కూడా ఇది న్యాయం కాదు. తప్పు లేకపోతే లేదని తేలే అవకాశం ఆయనకీ లేకుండా పోయింది.

కిందటేడు మా అక్కకి మోకాలి ఆపరేషను అయింది. డిశ్చార్జి రోజు నేను బిల్లు కౌంటరు దగ్గర ఉన్నాను. తిరిగి గదికి వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని రికార్డుల గుమాస్తాతో మాట్లాడుతోంది. మొత్తం కేస్ షీటు జిరాక్సు కావాలట. అంతా బాగానే ఉంది కదమ్మా, ఎందుకు అన్నాడతను. మా తమ్ముడు లెక్కలవాడు నాయనా, వాడికి కావాలి అంది. నూట పన్నెండు పేజీలు. జిరాక్సు డబ్బులకు రసీదు కూడా అడిగి తీసుకుంది.